చెయ్యి పెట్టి చూసే ఎముకల డాక్టరు: విల్లివాక్కం వైపు ఒక క్లినిక్ గురించి

ముందు చెడ్డ మాట చెప్పేస్తాను. ఈ క్లినిక్‌కి లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు, నడుము పట్టేసినవాళ్లు వచ్చే చోటుని తీసుకెళ్లి మేడ మీద పెట్టారు. మెట్లు ఇరుకు. పట్టుకోవడానికి కమ్మీ ఒకవైపే ఉంది, అదీ మలుపు దగ్గర ఆగిపోతుంది. మా అత్తయ్యని ఎక్కించేసరికి ఆమెకంటే నాకే ఎక్కువ ఆయాసం వచ్చింది. అయినా సరే, చెన్నైలో కీళ్లకీ ఎముకలకీ ఎవరికి చూపించుకోవాలి అని అడిగినవాళ్లందరికీ నేను ఈ క్లినిక్కే చెప్తున్నాను. మంచితో పాటు గట్టి ఫిర్యాదులు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు మాత్రం పెట్టడం లేదు.

నా గురించి రెండు ముక్కలు. మాది నాయుడుపేట. పెళ్లయి మద్రాసు వచ్చి స్థిరపడ్డాం. మా ఆయన ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో పని చేస్తారు, నేను ఇంట్లోనే ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, చుడీదార్లు కుడతాను. నలభై తొమ్మిదేళ్లు, షుగర్ ఉంది. షుగర్ సంగతి ఊరికే చెప్పలేదు, ముందు ముందు పనికొస్తుంది.

నా బాధ కుడి భుజం. మొదట్లో రాత్రిపూట ఆ పక్కకి తిరిగితే చాలు, మెలకువ వచ్చేసేది. తర్వాత పై అరలోంచి లైనింగు గుడ్డ తియ్యలేకపోయాను. ఆ తర్వాత చెయ్యి వెనక్కి పెట్టి లోపలి బట్టల హుక్కు పెట్టుకోవడం కుదరడం మానేసింది. ముందువైపు పెట్టుకుని తిప్పుకోవడం అలవాటు చేసుకున్నాను. విచిత్రం ఏమిటంటే కత్తెర పట్టుకుంటే ఏమీ లేదు, మిషను తొక్కితే ఏమీ లేదు. టేబుల్ మీద గుడ్డ పరిచి అవతలి అంచు లాగడానికి చెయ్యి చాపితే మాత్రం ప్రాణం పోయేది.

సలహాలకేం కొదవ. నరం పట్టేసింది అన్నారు, మెడ ఎముక అరిగింది అన్నారు, వాయువు అన్నారు. మా ఆడపడుచు పుత్తూరు కట్టు కట్టించుకోమంది. పుత్తూరు మనకి దూరమూ కాదు, అరక్కోణం మీదుగా తిరుపతి వెళ్లే రైలెక్కితే దిగిపోవచ్చు. అంతదాకా వెళ్లక్కర్లేకుండా మద్రాసు నిండా ఆ బోర్డులు ఉండనే ఉన్నాయి. కానీ నేను ఎక్కడా పడలేదు, ఏదీ విరగలేదు. కట్టు దేనికి కట్టించుకోవాలి?

ఈ క్లినిక్‌కి రాకముందు ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, అన్నీ బాగున్నాయి. డాక్టరుగారు కంప్యూటర్లో ఏదో కొడుతూ ఎక్కడ నొప్పి అన్నారు. భుజం అన్నాను. ఎన్నాళ్ల నుంచి అన్నారు. చెప్పాను. ఎమ్మారై తీయించుకుని రండి అని రాసిచ్చారు. నా చున్నీ భుజం మీద పిన్ను పెట్టినది పెట్టినట్టే ఉంది. వాళ్లు చెప్పిన స్కాను రేటుకి మా ఇంట్లో నెల సరుకులు వస్తాయి.

మా అక్క కూతురు ఇక్కడే ఫిజియోథెరపీ చదువుతోంది. దానికి ఫోన్ చేస్తే అది అడిగిన మొదటి ప్రశ్న: "పిన్నీ, అసలు ఎవరన్నా చెయ్యి పెట్టి చూశారా?" ఎవరూ చూడలేదన్నాను. వయసు పైబడినవాళ్లలో నొప్పే లేనివాళ్లకి స్కాను తీసినా భుజంలో చిరుగులు కనిపిస్తూ ఉంటాయట. చేత్తో పరీక్ష చెయ్యకుండా ఆ ఫిల్ము ఒక్కటే పట్టుకుంటే, నొప్పితో సంబంధం లేని చిరుగుకి వైద్యం చేసే ప్రమాదం ఉందని చెప్పింది. ఈ క్లినిక్ సంగతి కూడా అదే చెప్పింది, తోడు కూడా వచ్చింది.

డాక్టరుగారు తమిళులు. తెలుగు అర్థమవుతుంది, నాలుగు మాటలు వచ్చు. ఆయన దగ్గర ఫిజియో అమ్మాయి గుమ్మిడిపూండి వైపు నుంచి వస్తుంది, ఇంట్లో తెలుగే. అందుకని మా అత్తయ్యలాంటి తమిళం రానివాళ్లకి ఇబ్బంది లేదు.

భుజం నొప్పి అని వెళ్తే ఆయన ముందు భుజం గురించి అడగలేదు. మూడు ప్రశ్నలు వేశారు. కండరాల్లో, కీళ్లలో, వెన్నులో ఎక్కడన్నా నొప్పి గానీ బిగుతు గానీ ఉందా? ఎవరి సాయం లేకుండా పూర్తిగా బట్టలు వేసుకోగలుగుతున్నారా? మెట్లు ఇబ్బంది లేకుండా ఎక్కి దిగగలుగుతున్నారా? రెండో ప్రశ్నకి నాకు నవ్వొచ్చింది. బట్టలు కుట్టేదాన్ని నేను, వేసుకోవడం రావట్లేదని చెప్పాలి. హుక్కు సంగతి చెప్పాను, రాసుకున్నారు. మూడో ప్రశ్నకి జవాబు చెప్పాక, మీ క్లినిక్ మెట్లే అసలు పరీక్ష అని అందామనుకున్నాను గానీ మొదటిరోజే ఎందుకని ఊరుకున్నాను.

ఈ మూడు ప్రశ్నలూ ఆయన సొంతం కాదట. బ్రిటన్ డాక్టర్లు 1992లో ప్రచురించిన ఒక చిన్న పరీక్షలో ఇవే మొదటి మెట్టు అని మా అమ్మాయి, అదే మా అక్క కూతురు, తర్వాత చెప్పింది. నడక, చేతులు, కాళ్లు, వెన్ను, ఈ నాలుగూ గబగబా చూసి ఎక్కడ తేడా ఉందో పట్టుకోవడానికి దాన్ని తయారు చేశారట. నన్నూ అలాగే తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగి రమ్మన్నారు. రెండు చేతులూ తల వెనక పెట్టమన్నారు. ఎడమది వెళ్లింది. కుడిది చెవి దగ్గర ఆగిపోయింది.

తర్వాత జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, పడ్డారా, చేతుల్లో తిమ్మిరి ఉందా, షుగర్ ఉందా అని వరసగా అడిగారు. నా షుగర్ గురించి అడిగిన మొదటి ఎముకల డాక్టరు ఈయనే. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష కాగితం చూపించమన్నారు.

ఇక పరీక్ష. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నేను ఇచ్చిన డబ్బు దీనికే.

రెండు భుజాలూ పూర్తిగా కనిపించాలన్నారు. నొప్పి ఉన్న వైపు ఒక్కటి చాలదా అంటే, రెండో వైపు చూడకపోతే దీంట్లో తేడా ఏమిటో ఎలా తెలుస్తుందమ్మా అన్నారు. ఫిజియో అమ్మాయి లోపలే ఉంది, తలుపు గడియ పెట్టారు, కప్పుకోవడానికి ఉతికిన కాటన్ గుడ్డ ఇచ్చారు. అంతవరకు మర్యాదగానే ఉంది. కర్టెన్ మాత్రం జానెడు పొట్టి. కింద నుంచి కాళ్లు కనిపిస్తూనే ఉంటాయి. కొలత తీసుకోకుండా కుట్టించారని చూడగానే తెలిసిపోతుంది.

ముందు తాకకుండా చూశారు. ఎదురుగా, పక్కనుంచి, వెనక నుంచి. నా వృత్తిలో నేనూ ఆడవాళ్ల వీపుల్ని చూస్తూనే ఉంటాను. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకి చాలామందికి కుడి భుజం కొంచెం దిగి ఉంటుంది, ఆ తేడా సర్ది కుట్టకపోతే మెడ దగ్గర ముడత వస్తుంది. ఈయన అది చూసి, ఇది చాలామందిలో ఉండేదే, దీన్ని లెక్కలోకి తీసుకోను అన్నారు. ఆయన వెతికింది వేరే. వీపు రెక్క ఎముక మీద అడ్డంగా ఒక గట్టు ఉంటుంది కదా, దాని పైనా కిందా కండ తగ్గి గుంట పడిందా అని చూశారు. అక్కడ గుంట కనిపిస్తే భుజాన్ని తిప్పే కండరం చాలాకాలంగా పని చెయ్యట్లేదనో, దానికి వెళ్లే నరం దెబ్బతిన్నదనో అనుమానించాలట. నాకు గుంట లేదు. ఇన్నేళ్లుగా కొలతలు తీస్తున్నా ఆ చోటు నేనెప్పుడూ గమనించలేదు. ఇప్పుడు వచ్చిన ప్రతి కస్టమర్ వీపూ అక్కడే చూస్తున్నాను!

తర్వాత మెడ. భుజం నొప్పి కొందరికి మెడలోంచి దిగుతుందట. మెడని అన్ని వైపులా తిప్పించి, తల పక్కకి వంచి పైనుంచి మెల్లగా నొక్కి, చేతిలోకి జివ్వుమని దిగుతోందా అని అడిగారు. లేదు. వేళ్ల బలం చూశారు, దూదితో స్పర్శ చూశారు, చిన్న రబ్బరు సుత్తితో మోచేతి దగ్గర కొట్టి చూశారు. అయ్యాక "మెడది కాదు" అని తేల్చేశారు. నెలల తరబడి నేను మెడకి రాసిన తైలాలన్నీ వృథా అన్నమాట.

తాకడం మెడ కింద గుంట దగ్గర మొదలైంది. కంటె ఎముక మీదుగా ఒక్కో వేలూ జరుపుకుంటూ భుజం చివరికి, అక్కడి నుంచి చేతి ముందువైపు గాడిలోకి. నేను గమనించింది ఏమిటంటే ఆయన వేళ్లు భుజం మీద ఉన్నాయి గానీ కళ్లు నా ముఖం మీద ఉన్నాయి. నొప్పి అని నేను నోరు తెరవక ముందే ఆగిపోయేవారు. చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి, ఏసీ తగ్గించుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది కదలిక. ముందు నన్నే కదిలించమన్నారు. చెయ్యి పక్కనుంచి ఎత్తబోతే సగంలోనే భుజం మొత్తం చెవి వైపు లేచిపోతోంది. చెయ్యి లేస్తోందని నేను అనుకుంటున్నాను గానీ నిజానికి లేచేది వీపు రెక్క. ఆయన ఆ రెక్కని బొటనవేలితో, వేళ్లతో అదిమి పట్టుకుని మళ్లీ ఎత్తమంటే చెయ్యి ఇంకా కిందే ఆగిపోయింది.

తర్వాత మోచేతిని నడుముకి ఆనించి, మడిచి, ముంజేతిని బయటివైపుకి తిప్పమన్నారు. ఎడమది హాయిగా వెళ్లిపోయింది. కుడిది కొంచెం కదిలి నిలిచిపోయింది. అప్పుడు, మీరు చెయ్యి వదులుగా వదిలెయ్యండి, నేను తిప్పుతాను అని ఆయనే పట్టుకుని మెల్లగా తిప్పారు. అదే చోట ఆగింది. గోడ తగిలినట్టు ఆగింది. ఆయన మా అమ్మాయి వైపు చూసి తల ఊపారు, అది కూడా ఊపింది. నాకు టెన్షన్ మొదలైంది.

విషయం ఇది. భుజం చుట్టూ నాలుగు చిన్న కండరాల గుంపు ఉంటుంది, రొటేటర్ కఫ్ అంటారు. వాటిని ఎముకకి కలిపి ఉంచే తాడులాంటి టెండన్ తెగితే మనంతట మనం చెయ్యి ఎత్తలేం, కానీ డాక్టరు పట్టుకుని ఎత్తితే చాలావరకు లేస్తుంది, ఎందుకంటే కీలు బాగానే ఉంది, లాగేవాడే లేడు. అదే టెండన్ నలుగుతూ ఉంటే చెయ్యి పక్కనుంచి ఎత్తేటప్పుడు సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య నొప్పి పుట్టి, ఆ పైకి వెళ్లాక తగ్గుతుంది. నాలాగా మనం కదిలించినా, ఎదుటివాళ్లు కదిలించినా ఒకే చోట ఆగిపోతే, అందులోనూ బయటికి తిరగడం బాగా తగ్గిపోతే, కీలుని చుట్టి ఉండే పొరే బిగుసుకుపోయిందని అర్థం. ఫ్రోజెన్ షోల్డర్. ఆ పేరు అమెరికా డాక్టర్ కాడ్‌మన్ 1934లో పెట్టాడట. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య ఎక్కువ వస్తుంది, ఆడవాళ్లలో కాస్త ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ. మూడింట్లోనూ నేనున్నాను.

తేల్చి చెప్పే ముందు ఇంకో మెలిక చూశారు. కీలు అరిగిపోయినా ఇలాగే రెండు విధాలా ఆగిపోతుందట. అందుకని ఒక్క ఎక్స్‌రే రాశారు. కీలు శుభ్రంగా ఉంది. ఎమ్మారై అవసరం లేదన్నారు.

కొలతలు ఫిజియో అమ్మాయి తీసింది. రెండు చేతులున్న ప్లాస్టిక్ కోణమానిని, గోనియోమీటర్ అంటారు. చెయ్యి ముందు నుంచి పైకెత్తితే ఎడమ 165, కుడి 95. బయటికి తిప్పితే ఎడమ 65, కుడి 15. చెయ్యి వీపు వెనక పెడితే బొటనవేలు ఎంత పైకి వెళ్తుందో కూడా రాసుకుంది. ఎడమది రెక్కల మధ్యకి వెళ్లింది, కుడిది నడుము దాటలేదు. కాగితం మీద తారీఖు వేసి ఒక కాపీ నాకూ ఇచ్చింది. ఈ ఒక్క కాగితానికి నేను వంద మార్కులు వేస్తాను. నొప్పి తగ్గిందా అని అడిగితే మనం రోజుకో మాట చెప్తాం. 15 అన్నది 30 అయిందా లేదా అన్నదానికి మాట మారదు.

తొందరగా తగ్గిపోతుందని మభ్యపెట్టలేదు. నొప్పి దశ, బిగుతు దశ, వదిలే దశ అని మూడు ఉంటాయి, అన్నీ కలిపి ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టవచ్చు అన్నారు. నొప్పి మరీ ఎక్కువైతే కీల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వచ్చు, కానీ దానితో కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందు మీ షుగర్ డాక్టరుతో మాట్లాడి రండి అని చెప్పారు. నేను ఇంకా వ్యాయామాల మీదే ఉన్నాను.

ఈ అనుభవంతో మా అత్తయ్యని తీసుకెళ్లాను. ఆమెకి రెండు మోకాళ్లూ, కుడిది మరీనూ. అత్తయ్యకి డాక్టరంటే భయం లేదు, కాలు చూపించాలంటే సిగ్గు. "మోకాలు గుంజుతా ఉండాది నాయనా, దానికి చీర ఎత్తేదెందుకు?" అని ఆయనతోనే వాదం పెట్టుకుంది. ఫిజియో అమ్మాయి తెలుగులో నచ్చజెప్పి, పైన దుప్పటి కప్పి, రెండు మోకాళ్లూ తొడ సగం దాకా కనిపించేలా సర్దింది.

అంతకు ముందే ఆమె నడకంతా ఆయన చూసేశారు. గుమ్మం నుంచి కుర్చీ దాకా వస్తున్నప్పుడు, కూర్చునేటప్పుడు చేతులు కుర్చీ మీద ఆనిస్తోందా లేదా అన్నది కూడా. నిలబెట్టి వెనకనుంచి చూస్తే మోకాళ్లు బయటికి వంగి ఉన్నాయి. పొద్దున లేవగానే కాళ్లు బిగుసుకుపోతే ఎంతసేపు ఉంటుందమ్మా అని అడిగారు. "కాఫీ తాగిందాకా" అంది. ఆయన నవ్వి రాసుకున్నారు. అరగంట లోపు వదిలేస్తే అరుగుదల వైపు, అంతకు మించి ఒక్కోసారి గంట దాటి ఉంటే వాపు జబ్బు, అంటే రుమటాయిడ్ లాంటి వాటి వైపు మొగ్గు చూపుతుందట.

తర్వాత మోకాలు వదిలేసి చేతివేళ్లు పట్టుకున్నారు. నాకు అర్థం కాలేదు. అత్తయ్య వేళ్ల చివరి కణుపుల దగ్గర గట్టి బొడిపెలున్నాయి. కూరలు తరిగీ తరిగీ అలా అయ్యాయని మేమంతా అనుకునేవాళ్లం. అవి హెబర్డెన్ బొడిపెలట, రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు డాక్టరు పేరు మీద వచ్చాయి, అరుగుదల జబ్బుకి గుర్తు. రుమటాయిడ్ అయితే ఎక్కువగా పిడికిలి కణుపుల్లో, మధ్య కణుపుల్లో వస్తుంది, చివరి కణుపుల్ని సాధారణంగా వదిలేస్తుంది. పిడికిలి కణుపుల్ని అడ్డంగా నొక్కి చూశారు, నొప్పి లేదంది.

మోకాలి పరీక్షలో నా కంటికి నచ్చినవి రెండు. ఒకటి నీరు చూసిన పద్ధతి. మోకాలి చిప్పకి లోపలి పక్క అరచేత్తో కింద నుంచి పైకి మెత్తగా తుడిచారు. అక్కడ చిన్న పల్లం పడింది. వెంటనే బయటి పక్క పై నుంచి కిందికి తుడిచారు. ఇవతలి పల్లం మెల్లగా నిండి ఉబ్బెత్తుగా లేచింది. కుడి మోకాల్లో కొంచెం నీరుందని అక్కడికక్కడే కళ్లకి కట్టింది. ఎడమదానికి అలాగే చేస్తే ఏమీ లేవలేదు. వేడి ఉందా అన్నది చేతి వెనకవైపుతో తాకి చూశారు, ముందు తొడ, తర్వాత మోకాలు, తర్వాత పిక్క. వేడి లేదు.

రెండోది తొడ కొలత. ఇక్కడ నేను కుర్చీలోంచి లేచి మరీ చూశాను. టేపు పట్టడం నా పని కదా. చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున రెండు కాళ్ల మీదా పెన్నుతో గీత పెట్టి, ఆ గీత దగ్గరే టేపు చుట్టారు. బిగించలేదు, జార్చలేదు, చర్మానికి ఆనించి ఊరుకున్నారు. కుడి తొడ 2 సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. నొప్పికి భయపడి ఆ కాలు మీద బరువు వెయ్యక కండ తగ్గిపోయింది, కండ తగ్గేకొద్దీ మోకాలికి ఆసరా తగ్గుతుంది, కాబట్టి మందుకంటే ముందు ఆ తొడకి పని చెప్పాలన్నారు.

మోకాలు వంచి చాపేటప్పుడు చిప్ప మీద అరచెయ్యి పెట్టి నా చెయ్యి కూడా పెట్టించారు. లోపల కరకర తెలుస్తుంది. కాలు పూర్తిగా చాపితే మోకాలి వెనక ఖాళీ మిగిలిపోతోంది, మంచానికి ఆనట్లేదు. తుంటి కూడా తిప్పి చూశారు, తుంటి కీలు జబ్బు కొందరిలో మోకాలి నొప్పిగానే బయటపడుతుందట. అత్తయ్య ఇంటికొచ్చాక అందరితో చెప్పింది: "మోకాలికి పోతే యేళ్ల కాడ మొదులుపెట్టినాడు, తుంటి దాకా పోయినాడు, ఆపరేషన్ మాత్రం వద్దన్నాడు." ఆపరేషన్ వద్దు అనలేదు నిజానికి, ఇప్పుడే అక్కర్లేదు అన్నారు. అత్తయ్యకి తేడా లేదు.

మా పక్కింటి కాలేజీ కుర్రాడు క్రికెట్లో మడమ దగ్గర మెలి పడి వచ్చినప్పుడు కూడా వాళ్లమ్మతో ఇక్కడికే పంపాను. చీలమండ రెండు పక్కలా ఎముకల వెనక అంచులు, పాదం బయటి అంచు, లోపలి పక్క ఎముక నొక్కి చూశారట. నాలుగడుగులు నడవమన్నారట. ఎక్కడా ఎముక మీద నొప్పి లేదు, కుంటుతూనే అయినా నడిచాడు, ఎక్స్‌రే అక్కర్లేదని పంపేశారు. కెనడాలో ఒటావా డాక్టర్లు తయారు చేసిన లెక్క ఇది అని మా అమ్మాయి అంది. వాళ్లమ్మకి మాత్రం ఫొటో తియ్యకుండా పంపేశారని ఇప్పటికీ అసంతృప్తే. ఏం చేస్తాం, మనకి కాగితం చేతిలో పడితే గానీ డాక్టరు చూసినట్టు ఉండదు.

ఇక ఫిర్యాదులు. మెట్లు, కర్టెన్ చెప్పాను. పరీక్ష చేసే మంచం ఎత్తెక్కువ, కింద చిన్న పీట ఉంది గానీ అది ఊగుతుంది. మోకాళ్ల రోగుల్ని ఊగే పీట ఎక్కిస్తే ఎలా?

అసలు కోపం వచ్చింది ఫిజియో రోజుల్లో. గుమ్మిడిపూండి అమ్మాయి సెలవు పెట్టినప్పుడు వేరే అబ్బాయి చూశాడు. భుజం ఎంత తిరుగుతోందో చూడనే లేదు. పాత కాగితం కూడా తియ్యలేదు. వేడి కట్టు పెట్టి, కరెంటు మిషను తగిలించి, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. పాత కొలతలతో కొత్త జాకెట్టు కుట్టేసినట్టు ఉంది అని మొహం మీదే అన్నాను. డాక్టరుగారికీ చెప్పాను. తర్వాతి వారం నుంచి కొలిచాకే మొదలుపెడుతున్నారు. కానీ అడగనివాళ్ల సంగతి? ఇంత మంచి పరీక్ష మొదటిరోజు చేసి తర్వాత వదిలేస్తే డబ్బు దండగ.

వ్యాయామాల కాగితం ఇంగ్లీషులో ఉంది, జిరాక్స్ మీద జిరాక్స్ తీసి బొమ్మలు నల్లబడిపోయాయి. అత్తయ్యకి నేను క్యాలెండర్ వెనక తెలుగులో రాసిచ్చాను. తమిళనాడులో క్లినిక్ పెట్టి తమిళంలో కూడా కాగితం లేకపోవడం ఏమిటో.

శనివారం వెళ్లకండి. జనం ఎక్కువ, అదే డాక్టరు హడావిడిగా చూస్తారు. మా ఆయన నడుముకి శనివారం వెళ్తే పడుకోబెట్టి కాలు చాపి ఎత్తడం దాకా చేశారు గానీ నిలబెట్టి వంగమనలేదు. మామూలు రోజు మళ్లీ వెళ్తే అది కూడా చేశారు. రెండోసారి ఫీజు తీసుకోలేదు, అది మెచ్చుకోవాలి.

డాక్టరు ఫీజు 600, ఫిజియో ఒక్కో సిట్టింగు 400. చుట్టుపక్కల రేట్లతో పోలిస్తే ఫిజియో కొంచెం ఎక్కువే. అంత పెట్టలేనివాళ్లు సెంట్రల్ స్టేషను ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లచ్చు, ఎముకల విభాగం ఉంది, పొద్దున్నే వెళ్లాలి. ఉన్నట్టుండి మోకాలు ఎర్రగా వేడిగా వాచి జ్వరం వచ్చినా, నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఇలాంటి మేడ మీద క్లినిక్‌లకి కాదు, నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లమని ఆయనే గోడకి బోర్డు పెట్టారు.

ఆడవాళ్లకి కుట్టేదానిగా ఒక మాట. భుజానికో మెడకో వెళ్తుంటే ముందు బొత్తాలున్న వదులు చొక్కా గానీ, చేతుల్లేని స్లిప్పు మీద కుర్తా గానీ వేసుకోండి. డిజైన్ జాకెట్టు వేసుకుని వెళ్తే నొప్పి భుజంతో దాన్ని విప్పుకోవడమే పెద్ద పరీక్ష. మోకాలికైతే లెగ్గింగ్స్ వద్దు, పైకి జరగవు. వదులు సల్వార్ గానీ లంగా గానీ మేలు. వాడే మందుల చీటీలు, షుగర్ కాగితం, పాత ఎక్స్‌రేలు తీసుకెళ్లండి. బిల్లు అడిగితేనే ఇస్తారు, అడగండి.